కొండ ఎక్కిన కీర్తన: పురుషోత్తమ చౌదరి జీవితం

అరకులోయ: ఆదివారం ఉదయం మంచు పూర్తిగా విడవకముందే లోయలోని ప్రార్థన మందిరాలలో పాట మొదలవుతుంది. అనంతగిరి వైపు వెళ్లినా, డుంబ్రిగుడ వైపు మళ్లినా, పాడేరు దారి పట్టినా ఇదే వరస. కొత్త పాటల నడుమ ఒక్కోసారి ఒక పాత కీర్తన వినిపిస్తుంది. దాని భాష పాతది, నడక నిదానం. పల్లవి ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. అక్షరం రాని ముసలివారు సైతం చరణం తడబడకుండా పాడతారు. అటువంటి కీర్తనలలో అనేకం ఒకే మనిషి కలం నుంచి వెలువడినవి. ఆయన పేరు పురుషోత్తమ చౌదరి.

1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఈ కవి తెలుగు క్రైస్తవ కవులలో పెద్దవారుగా పేరు పొందారు. తెలుగు నేలపై ఏ మూల ప్రార్థన మందిరానికి వెళ్లినా ఆయన పాట ఉంటుంది. అయితే పాట తెలిసినంతగా మనిషి తెలియదు. ఆయన ఏ ఇంట పుట్టారో, ఏమి పోగొట్టుకున్నారో, ఏమి సంపాదించుకున్నారో పాడేవారిలో చాలామంది ఎరుగరు. తూర్పు కనుమల పాదాల చెంత పుట్టి పెరిగిన ఈ కవి జీవితాన్ని ఒకసారి తలచుకోవడం అవసరం.

పర్లాకిమిడి సీమలో

పురుషోత్తమ చౌదరి పూర్వీకులు వంగదేశం నుంచి వచ్చి గంజాం ప్రాంతంలో స్థిరపడిన బ్రాహ్మణులు. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. వారిది పర్లాకిమిడి సీమ. ఆనాడు ఆ సీమ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. నేడది గజపతి జిల్లా ముఖ్య పట్టణం. అటు ఒడియా, ఇటు తెలుగు, కొండమీద సవర భాష. మూడు భాషలు కలిసే చోటు అది. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసినది కూడా ఆ పర్లాకిమిడిలోనే.

చౌదరి వంగ మూలాలున్న ఇంట పుట్టి, ఒడియా నేర్చి, తెలుగులో కవి అయ్యారు. సంస్కృతం కూడా చదువుకున్నారు. భక్తి సంప్రదాయంలో పెరిగిన మనిషి. పుట్టుకతో వచ్చిన గౌరవం ఉంది. చదువు వల్ల వచ్చిన గౌరవం ఉంది. నలుగురిలో కూర్చుంటే ముందు పీట వేసే కులం. లోకం దృష్టిలో ఆయనకు కొరత అంటూ లేదు.

కొరత ఉన్నది మనసులో. మనిషి చేసిన పాపం ఎలా పోతుంది, ఎన్ని పుణ్యకార్యాలు చేస్తే తీరుతుంది, తీరిందని తెలిసేదెలా అన్న ప్రశ్న ఆయనను విడవలేదు. ఆయన తర్వాత వ్రాసిన కీర్తనలు చూసినవారికి ఈ సంగతి తేటతెల్లమవుతుంది. వాటిలో అధికం తన దోషం ఒప్పుకుని దయ కోరే పాటలే.

చేతికి వచ్చిన చిన్న పుస్తకం

ఆ రోజులలో తెలుగులో అచ్చు పుస్తకమే అరుదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు 1805లో అడుగుపెట్టారు. జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ అనే ఇద్దరు తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడుగా నిలిచారు. క్రాన్ 1809లోను, డె గ్రాంజ్ 1810లోను మరణించారు. వారు విడిచిపోయిన పని వృథా కాలేదు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి. ఆ తర్వాత బళ్లారి నుంచి కూడా చిన్న చిన్న తెలుగు కరపత్రాలు వెలువడ్డాయి.

అటువంటి పుస్తకాలు చేతులు మారి మారి పర్లాకిమిడి, శ్రీకాకుళం వైపు చేరాయి. చౌదరి చేతికి కూడా చేరాయి. కొందరు చదివి పక్కన పెట్టారు. ఆయన పక్కన పెట్టలేకపోయారు. పాపానికి వెల మనిషి చెల్లించుకోలేడని, దేవుడే దయతో చెల్లించాడని అందులో ఉన్న మాట ఆయన పాత ప్రశ్నకు సూటిగా తగిలింది. దానినే క్రైస్తవులు కృప అంటారు. అర్హత చూడకుండా చేసే మేలు కృప.

ఇంకా తెలుసుకోవాలన్న ఆరాటంతో ఆయన విశాఖపట్నం దారి పట్టారు. అక్కడ హెలెన్ నాట్ అనే ఆంగ్ల మహిళ ఆయనకు బైబిలు విషయాలు బోధించి ప్రోత్సహించారు. పండితుడైన బ్రాహ్మణ యువకుడు ఒక పరదేశ స్త్రీ ముందు శిష్యుడిలా కూర్చోవడం ఆనాటికి సామాన్యమైన సంగతి కాదు.

తెంచుకున్న ముడి

1833లో చౌదరి కటకం వెళ్లి బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడ 1822 నుంచి బాప్టిస్టు మిషన్ వారు పనిచేస్తున్నారు. అంతకు ఐదేళ్ల ముందే, 1828లో, గంగాధర సారంగి అనే ఒడియా బ్రాహ్మణుడు వారి వద్ద క్రైస్తవం స్వీకరించారు. చౌదరి మొదటివాడు కాకపోయినా, అప్పటికి ఆ దారిలో నడిచిన బ్రాహ్మణులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంతమంది.

అది ఎటువంటి కాలమో కూడా గుర్తు పెట్టుకోవాలి. 1832, 1833 సంవత్సరాలలో ఉత్తర సర్కారులను కరవు పీడించింది. గుంటూరు ప్రాంతంలో జనం లక్షల్లో చనిపోయారు. దానిని నందన కరవు అంటారు. అదే సమయంలో పర్లాకిమిడి సీమలో తిరుగుబాట్లు చెలరేగాయి. వాటిని అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపింది. ఊళ్లు తగలబడుతున్న రోజులవి. ఎవరికైనా కులం అండ, బంధువుల అండ కావలసిన రోజులు. అటువంటప్పుడు చౌదరి ఆ అండనే వదులుకున్నారు.

వదులుకోవడం అంటే మాటలు కాదు. కులభ్రష్టుడైనవాడికి ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం తండ్రి ఆస్తిలో వాటా ఉండేది కాదు. ఆ నియమాన్ని తొలగిస్తూ 21వ నంబరు చట్టం వచ్చింది 1850లో. అంటే చౌదరి బాప్తిస్మం తీసుకున్న 17 ఏళ్లకు. ఆస్తి సరే, బావిలో నీళ్లు తోడుకోనిచ్చేవారు లేరు. సహపంక్తి భోజనం లేదు. మంచికి పిలుపు లేదు, చెడుకు పలకరింపు లేదు. బతికి ఉండగానే చచ్చినవాడితో సమానంగా చూసేవారు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. భార్య మొదట ఆయనతో రావడానికి ఇష్టపడలేదు. ఆమెను తప్పుపట్టడానికి లేదు. భర్త వెంట వెళితే పుట్టిల్లు దూరం, వెళ్లకపోతే సంసారం దూరం. ఆమె తీసుకోవలసిన నిర్ణయం కూడా చిన్నది కాదు. కొంతకాలం గడిచాక ఆమె వచ్చి భర్తను చేరింది. ఆయన నమ్మకమే ఆమె నమ్మకం కూడా అయింది. చౌదరి పాటలలో కనిపించే దుఃఖం పుస్తకాలు చదివి తెచ్చుకున్నది కాదనడానికి ఈ ఎడబాటు ఒక్కటి చాలు.

కాలినడక బోధకుడు

ఆ తర్వాత చౌదరి జీవితమంతా తిరుగుడే. బరంపురం, పర్లాకిమిడి, టెక్కలి, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలు ఆయన తిరిగిన నేల. ఈ ప్రాంతానికి రైలు వచ్చింది 1890 తర్వాత. అంటే ఆయన బ్రతికి ఉన్నంతకాలం ఈ దారులన్నీ కాలినడకన, ఎడ్లబండి మీద పోవలసినవే. వంశధార, నాగావళి దాటాలంటే పడవ. వరద వస్తే గట్టు మీద పడిగాపులు.

సంతలలో, రచ్చబండల దగ్గర, జాతర దారులలో ఆయన మాట్లాడేవారు. ఒడియావారికి ఒడియాలో, తెలుగువారికి తెలుగులో చెప్పగలిగిన మనిషి. శాస్త్రం తెలిసినవారు వాదానికి వస్తే శాస్త్రంతోనే బదులు చెప్పగలిగిన పండితుడు. కులాచార పరీక్ష అనే గ్రంథంలో కులభేదాలను నిలదీశారు. పై మెట్టు మీద కూర్చున్న కులంలో పుట్టి, ఆ మెట్టే తప్పని చెప్పడం విశేషం. ఆ వాదన అందరికీ నచ్చలేదు. నచ్చనివారు సైతం ఆయన చదువును కాదనలేకపోయారు.

ఆయన తెలుగులో వెలువరించిన మరో గ్రంథం పేరు నిస్తార రత్నాకరము. నిస్తారం అంటే గట్టెక్కడం, విడుదల పొందడం. ఆయన జీవితాంతం వెతికినదీ, దొరికిందని నమ్మినదీ, ఇతరులకు చెప్పినదీ ఆ ఒక్క మాటే.

మన రాగం, మన తాళం

గ్రంథాలు పండితులకు. జనానికి చేరినది కీర్తన. చౌదరి వందకు పైగా కీర్తనలు వ్రాశారు. ఇందులోనే ఆయన చేసిన మేలు ఉంది.

మిషనరీలు వచ్చిన కొత్తలో తమ దేశపు పాటలను తెలుగులోకి మార్చి, తమ దేశపు బాణీలోనే పాడించేవారు. మాటలు తెలుగువి, నడక పరాయిది. ఆ పాట నోట నిలిచేది కాదు. చౌదరి దీనికి భిన్నమైన పద్ధతి పట్టారు. పల్లవి, అనుపల్లవి, చరణం అన్న తెలుగు కీర్తన కట్టుబాటులోనే క్రీస్తు కథ చెప్పారు. రాగం మనది, తాళం మనది. త్యాగరాజస్వామి 1847 వరకు జీవించారు. అంటే చౌదరి యౌవనకాలంలో తెలుగు కీర్తన మంచి పాకంలో ఉంది. ఆ సొత్తును ఆయన వదులుకోలేదు. కులం విడిచారు కాని భాష విడవలేదు. భక్తి కవులు వాడిన సంబోధనలు, శరణాగతి మాటలు, దీనంగా మొరపెట్టుకునే తీరు అన్నీ ఆయన కీర్తనలలో కొత్త దేవుని ముందు నిలిచాయి.

ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పుస్తకం తెరిస్తే పాటపైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. వ్రాసినవారి పేరు కూడా ఉంటుంది. పేజీలు తిప్పుతూ పోతే పురుషోత్తమ చౌదరి పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. క్రీస్తు శ్రమలను తలచుకునే పాటలు, పశ్చాత్తాపం పాటలు, మరణాన్ని తలచుకుని ధైర్యం చెప్పుకునే పాటలు ఆయనవి. పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి, పండుగకు ఒకటి అన్నట్టు తెలుగు క్రైస్తవ కుటుంబాల జీవితంతో అవి పెనవేసుకున్నాయి.

కొండమీదికి పాట

చౌదరి తిరిగినవి ఎక్కువగా కొండల దిగువ దారులు. మన్యం చలిజ్వరం అంటే మైదానంవారికి ఆనాడు ప్రాణభయం. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టర్లను గవర్నరు ఏజెంట్లుగా నియమించారు. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చినదే. చౌదరి వృద్ధాప్యంలో ఉండగా 1882లో జర్మనీలోని ష్లెస్విగ్ హోల్‌స్టైన్ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. సాలూరు, కోరాపుట్, జయపురం వైపు వారి కేంద్రాలు వెలిశాయి. పర్లాకిమిడి కొండలలోని సవరల మధ్య కెనడా బాప్టిస్టులు పనిచేశారు. ఇలా ఇరవయ్యో శతాబ్దంలో మన్యంలో సంఘాలు ఏర్పడ్డాయి. తెలుగు పాడే సంఘాలతో పాటు చౌదరి కీర్తన కూడా కొండ ఎక్కింది.

కొండమీద ఆ పాటకు కొత్త అర్థం వచ్చింది. మైదానంవారికి విడుదల అంటే ధర్మపన్నం. మన్యంవారికి అది నిత్యజీవితంలోని మాట. ఇక్కడ గొత్తి అనే ఆచారం ఉండేది. కొద్దిపాటి అప్పు తీసుకున్న గిరిజనుడు అది తీరేదాకా షావుకారు వద్దనో, పెద్ద రైతు వద్దనో చాకిరీ చేయాలి. వడ్డీకి చాకిరీ సరిపోయేది, అసలు అలాగే ఉండేది. పెళ్లి కోసం తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు నాగలి పట్టేవాడు. దీనిని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ రుణ దాస్య నిర్మూలన రెగ్యులేషన్ తెచ్చింది. అయినా చాటుమాటుగా సాగుతూనే వచ్చింది. చివరికి 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేయవలసి వచ్చింది.

ఆ బ్రతుకు ఎరిగినవాడికి, తాను తీర్చలేని అప్పును మరొకరు తీర్చి తనను విడిపించారన్న మాట వేదాంతం కాదు. అది కళ్ల ముందు కనిపించే సంగతి. చీటీ చించివేయడమంటే ఏమిటో అతనికి తెలుసు. ఇంటికి తిరిగి వెళ్లే దారి ఎంత తేలికగా ఉంటుందో తెలుసు. ఈ పాటను కొండవారు తమదిగా చేసుకోవడానికి అంతకు మించిన కారణం వెతకనక్కర లేదు.

ఇక్కడే చౌదరి జీవితంలోని సారం బయటపడుతుంది. ఆయన గొత్తి మనిషి కాదు. అగ్రకులంలో పుట్టిన పండితుడు. అయినా తానూ తీర్చలేని బాకీ మోస్తున్నవాడినేనని ఆయన నమ్మారు. పుణ్యం కూడబెట్టి దానిని తీర్చడం తన వల్ల కాదని ఒప్పుకున్నారు. చెల్లించడానికి ఏమీ లేదన్న చోట పండితుడూ, పాలేరూ ఒక్కటే. అందుకే ఒకరు వ్రాసిన పాట మరొకరికి అతికింది. వ్రాసినవాడు తన పాండిత్యం చూపడానికి వ్రాసి ఉంటే ఆ పాట పండితుల ఇళ్లలోనే ఆగిపోయేది.

పాట ఒక్కటే అప్పు తీర్చదన్నది కూడా నిజం. చట్టాలు రావలసి వచ్చింది, వాటి కోసం పోరాడినవారు ఉన్నారు. అల్లూరి సీతారామరాజు తిరిగిన కొండలివి. అయితే తాను ఎవరికీ తక్కువ కానని మనిషికి ముందు లోపల తెలియాలి. తలవంచి నిలబడిన మనిషికి ఆ ధైర్యం కొందరికి ఒక దారిన, కొందరికి మరో దారిన వచ్చింది. మన్యంలోని ఎన్నో కుటుంబాలకు అది ఈ కీర్తనల దారిన వచ్చింది.

చివరి రోజులు

చౌదరి నిండు జీవితం గడిపారు. 1890లో కన్నుమూసే నాటికి ఆయన వయసు దాదాపు 87 ఏళ్లు. కరవు చూశారు, కంపెనీ పాలన చూశారు, 1858లో అది పోయి రాణి పాలన రావడం చూశారు. ముప్పై ఏళ్ల వయసులో కులం వెలివేసిన మనిషి, మరో యాభై ఏడేళ్లు వెనుతిరిగి చూడకుండా నడిచారు. ఆయన దాచిపెట్టిన ఆస్తులు లేవు. మిగిల్చినవి పాటలు. ఆయనను వెలివేసిన కట్టుబాట్లు చాలావరకు సడలిపోయాయి. పాటలు మాత్రం నిలిచాయి.

ఆయన పుట్టిన సీమ నేడు వేరే రాష్ట్రంలో ఉంది. తెలుగువారు ఆయనను మరచిపోవడానికి అది సాకు కాకూడదు. శ్రీకాకుళం, విశాఖ ఏజెన్సీ ప్రాంతాలు 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా కొత్త సరిహద్దులు పొందాయి. పటంలో గీతలు మారుతూ ఉంటాయి. పాటకు గీతలు లేవు.

నేటి ప్రార్థన మందిరాలలో మైకులు, కీబోర్డులు వచ్చాయి. పిల్లలు కొత్త పాటలు ఇష్టపడుతున్నారు. అది సహజం. పాత కీర్తన రాగం తెలిసిన పెద్దలు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నారు. పుస్తకంలో రాగం పేరు అచ్చులో ఉన్నా, పాడి చూపేవారు లేకపోతే అది పేరుగానే మిగులుతుంది. వారు ఉండగానే పిల్లలను కూర్చోబెట్టి నేర్పించుకోవడం సంఘాల చేతిలో ఉన్న పని. నేర్పేటప్పుడు పాటతో పాటు దాని వెనుక ఉన్న మనిషి కథ కూడా చెబితే మంచిది. పాట కింద ఉన్న పేరు ఎవరిదో తెలిస్తే, ఆ పాట కోసం ఆయన ఏమి వదులుకున్నారో కూడా పిల్లలకు తెలుస్తుంది.